మందుల సంచి: పాఠకుల ప్రశ్నలు, ఫార్మసిస్టు జవాబులు

గుంటూరు కొత్తపేటలో ఇరవై ఏడేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మందుల గురించి కాదు, మందులిచ్చే మనిషి గురించి. అందుకే మోకాళ్ల నొప్పులు, జుట్టు రాలడం వచ్చే నెలకు ఉంచి వీటినే ముందుకు తీసుకున్నాను.

ప్రశ్న: పట్టాభిపురంలో మా వీధి చివరి షాపులో పద్దెనిమిదేళ్లుగా మందులు కొంటున్నాం. మా పిల్లలిద్దరినీ పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి ఆయన. మొన్న మా తొమ్మిదేళ్ల అమ్మాయికి గొంతునొప్పి, జ్వరం వస్తే, పోయినసారి డాక్టరు రాసిన సెఫిక్సిమ్ బిళ్ళలు అయిదు ఇవ్వమన్నాను. చీటీ లేకుండా ఇవ్వనన్నారు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల పరిచయానికి విలువ ఇంతేనా?
ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇవ్వకపోవడంలో నేను ఆయన పక్షమే. ఇవ్వనన్న తీరులో మాత్రం మీ పక్షం.

సెఫిక్సిమ్ ఒక యాంటీబయాటిక్, షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలోని మందు. ఈ జాబితా 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఈ మందులు అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, దాని పరిమాణం ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. చీటీ లేకుండా మీకు అయిదు బిళ్ళలు ఇస్తే డాక్టరు పేరు రాయవలసిన గడిలో ఆయన ఏమని రాస్తారు?

చట్టం అలా ఉంచండి. పిల్లల గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద సెఫిక్సిమ్ ఏమీ పనిచేయదు. కొన్ని గొంతునొప్పులకు యాంటీబయాటిక్ కావలసిందే. ఏది ఏదో తేల్చవలసింది టార్చి వేసి గొంతు చూసిన డాక్టరు. పోయినసారి చీటీ పోయినసారి గొంతుకు రాసినది. అనవసరంగా వాడిన ప్రతిసారీ ఒంట్లోని సూక్ష్మజీవులు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. నిజంగా అవసరం పడిన రోజున అదే బిళ్ళ మీ అమ్మాయికి పనిచేయకపోవచ్చు. యాంటీబయాటిక్ స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత కనిపిస్తే అది డాక్టరు చీటీ మీదే వాడాలని గుర్తు.

నా సంగతీ చెప్పాలి. షాపు పెట్టిన మొదటి పదేళ్లలో నేనూ ఇలాంటివి చీటీ లేకుండా ఇచ్చాను. తెలిసినవాళ్లు అడిగితే కాదనడం అమర్యాద అనుకునేదాన్ని. అది తప్పు. ఇప్పుడు ఎలా చెప్పినా దాన్ని సమర్థించలేను.

ఇక ఆయన చేయవలసింది ఏమిటంటే, ‘ఇవ్వను’ అన్న మాట దగ్గర ఆగకపోవడం. జ్వరం ఎన్నాళ్ల నుంచి, ఉమ్మి మింగగలుగుతోందా, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా, అమ్మాయి బరువెంత అని అడగాలి. బరువును బట్టి పారాసెటమాల్ మోతాదు చెప్పాలి. ఊపిరి కష్టంగా ఉన్నా, నీళ్లు కూడా దిగకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లమని, లేకపోయినా రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించమని చెప్పాలి. ఈ మాటలకు పట్టేది మూడు నిమిషాలు. వాటిని మీరు అడిగి తీసుకోండి. పద్దెనిమిదేళ్ల పరిచయం మీద మీకున్న హక్కు అదే.

ప్రశ్న: మా అత్తగారికి కీళ్లవాతం. వారానికి ఒక్కరోజు వేసుకోమని మెథోట్రెక్సేట్ రాశారు. నెలనెలా మందులు తెచ్చుకునేటప్పుడు షాపులోని అమ్మాయి ‘ఏ రోజు వేసుకుంటారండీ?’ అని ఆవిడ చేతనే చెప్పిస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి చేత చిన్నపిల్లలా పాఠం అప్పజెప్పించుకోవడం ఏమి మర్యాద?
సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆ షాపు మాత్రం మార్చకండి.

మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకుంటే కీళ్లకు మేలు చేస్తుంది. పొరపాటున అదే బిళ్ళ రోజూ వేసుకుంటే ఎముకల్లోని మజ్జ దెబ్బతిని, నోరు పుండై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలా పోయినవాళ్లు ఉన్నారు. మన ఇళ్లలో మందులంటే రోజూ వేసుకునేవే. షుగర్ బిళ్ళ రోజూ, బీపీ బిళ్ళ రోజూ. ఆ వరసలో ఇదీ కలిసిపోతుంది. దీనికి తోడు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ చిన్నవి, చాలాసార్లు రెండూ పసుపుపచ్చనివే. కళ్లజోడు పక్కన పెట్టిన మనిషికి ఏది ఏదో తెలియదు.

ఈ రెండు మందులూ ఒకే ఇంటి బిడ్డలని ఎందరికి తెలుసు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, దాన్ని అడ్డుకునే మెథోట్రెక్సేట్ రెండూ వచ్చాయి. ఆ పేరు తలచుకోకుండా నేను ఈ స్ట్రిప్పును చేతికివ్వను.

‘అర్థమైందా’ అని కౌంటరు దగ్గర అడిగితే కాదనేవాళ్లు ఉండరు. వెనక నలుగురు నిలబడి ఉంటారు, బస్సుకు టైమవుతుంటుంది, అందరూ తల ఊపేస్తారు. అందుకే రోగి నోట చెప్పించుకుని వినమని ఫార్మసీ చదువులోనే నేర్పుతారు. మీ అత్తగారు ‘మంగళవారం’ అని చెప్పగానే ఆ అమ్మాయి మనసు కుదుటపడుతుంది. ఇంట్లో మీరూ ఒక పని చేయండి. డబ్బా మీద వేసుకునే రోజు పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, మిగతా మందులకు దూరంగా వేరే చోట పెట్టండి. నోట్లో పుండ్లు, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నేను ఫార్మ్ డి అనే ఫార్మసీ కోర్సు పూర్తిచేశాను. ‘ఆరేళ్లు చదివి బిళ్ళలు అమ్ముతావా?’ అని మా మామయ్య అంటున్నారు. ఆసుపత్రి ఉద్యోగం దొరకలేదు. మందుల షాపులో నా చదువుకు పని ఉంటుందా?
ఒక యువకుడు, నరసరావుపేట

జవాబు: ఉంటుంది నాయనా. ఎలాంటి పనో చెబుతాను.

మూడేళ్ల కిందట మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోసే ముఠా కూలీ ఒకాయన నా షాపుకు వచ్చేవాడు. వారానికొక దగ్గు మందు సీసా. రెండు నెలలు. మిరప ఘాటు కదా, దగ్గు రాక ఏమవుతుందని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. తొమ్మిదో సీసా అడిగిన రోజున జనం లేరు. కూర్చోబెట్టి అడిగాను. యార్డు సెలవురోజున దగ్గు తగ్గుతుందా? తగ్గదు. కఫం పడుతుందా? లేదు, పొడి దగ్గు. రాత్రి? రాత్రే ఎక్కువ. ఎప్పటి నుంచి? సంక్రాంతి వెళ్లాక. సంక్రాంతి వెళ్లాక కొత్తగా ఏ బిళ్ళ మొదలుపెట్టావు? జేబులోంచి మడతలు పడ్డ చీటీ తీశాడు. బీపీకి రామిప్రిల్.

రామిప్రిల్, ఎనాలప్రిల్ తరగతి మందులు మంచివే, కానీ కొందరిలో విడవని పొడి దగ్గు తెస్తాయి. ఇది నీ పుస్తకంలో ఉంది, నువ్వు పరీక్షలో రాసి ఉంటావు. నా పుస్తకంలోనూ ఉంది. అయినా ఎనిమిది సీసాలు అమ్మేదాకా నేను అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

బిళ్ళ నేను ఆపలేదు. ఆపే అధికారం నాది కాదు. డాక్టరుగారికి నాలుగు వరసలు రాసి ఆయన చేతికిచ్చాను. డాక్టరుగారు మందు మార్చి టెల్మిసార్టాన్ రాశారు. మూడు వారాల్లో దగ్గు పోయింది. ఆ తర్వాత తన ముఠాలో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, ‘వీళ్ల బిళ్ళలు కూడా ఒకసారి చూడండమ్మా’ అన్నాడు. ఆ రోజు నేను అమ్మింది ఒక్క రూపాయి సరుకు కూడా లేదు.

మీ మామయ్య గారికి ఇంకొక సంగతి చెప్పు. మా నాన్నగారు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. మిక్స్చరు సీసాకు కాగితం పట్టీని గంట్లు గంట్లుగా కత్తిరించి అతికించేవారు. ఒక్కో గంటు ఒక్కో మోతాదు. ‘ఈ గంటు దాకా పొద్దున, ఈ గంటు దాకా రాత్రి’ అని వేలితో చూపించి సీసా చేతికిచ్చేవారు. అక్షరం రాని అవ్వ కూడా మోతాదు తప్పేది కాదు. మందులన్నీ కంపెనీల్లో తయారై స్ట్రిప్పుల్లో రావడం మొదలయ్యాక మా చేతిలో కత్తెర ఒక్కటే మిగిలింది. ఆ కత్తెరతో పేరు, గడువు తేదీ ఉన్న వైపు మా దగ్గర ఉంచుకుని నాలుగు బిళ్ళల ముక్క చేతిలో పెట్టి పంపినవాళ్లం మేము. జనం మమ్మల్ని కిరాణా కొట్టువాళ్లలా చూశారంటే అందులో మా తప్పే ఎక్కువ.

నువ్వు చదివిన కోర్సు మన దేశంలో 2008లో వచ్చింది. అయిదేళ్ల చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందు గురించి వివరించి చెప్పడాన్ని ఫార్మసిస్టు పనిగా రాశాయి. మా నాన్నగారు వేలితో చూపించిన గంటు చట్టంలోకి ఎక్కడానికి అన్నేళ్లు పట్టింది.

జీతం గురించి అబద్ధం చెప్పను. మొదట్లో తక్కువే ఉంటుంది. నీ స్నేహితులు సంపాదించే దానితో పోల్చుకుంటే మనసు కష్టపడుతుంది. ఒక్క పని మాత్రం చేయకు. సర్టిఫికెట్ అద్దెకిస్తే నెలకింత ఇస్తామని ఎవరో ఒకరు వస్తారు. నువ్వు లేని షాపు గోడ మీద నీ ఫొటో వేలాడుతుంటే, అక్కడ తప్పు మందు చేతిలో పెట్టేది పదో తరగతి చదివిన కుర్రాడు, పేరు నీది. 1948 నాటి ఫార్మసీ చట్టం రిజిస్టరైన మనిషే మందు ఇవ్వాలన్నది ఇందుకే. షాపులో చేరితే నిలబడి పనిచెయ్యి, లేకపోతే వేరే ఉద్యోగం చూసుకో.

ప్రశ్న: డాక్టరు రాసిన బ్రాండు లేదని అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. తీసుకోవచ్చా?
మంగళగిరి

జవాబు: మూలపదార్థం, మోతాదు ఒకటే అయితే పని ఒకటే కావచ్చు. కానీ 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందు, అంటే చీటీ మీదే అమ్మవలసిన మందు విషయంలో చీటీలో ఉన్నదానికి బదులు, అదే పదార్థం ఉన్నదైనా సరే, మరొకటి ఇచ్చే అధికారం షాపుకు లేదు. డాక్టరుకు ఫోను చేసి ఆ మార్పు చీటీ మీద రాయించుకోవాలి. జెనరిక్ మందులు కావాలనుకుంటే మూలపదార్థం పేరుతోనే రాయమని డాక్టరును ముందే అడగండి. జెనరిక్ అంటే నాసిరకం అనుకోకండి. ఒక జాగ్రత్త: కొత్త పేరుతో వచ్చిన బిళ్ళను కొత్త మందనుకుని, పాత స్ట్రిప్పుతో పాటు ఇదీ వేసుకుని బీపీ పడిపోయి కళ్లు తిరిగినవాళ్లను నేను చూశాను. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే మూలపదార్థం పేరు చదివించుకోండి.

ప్రశ్న: నాకు టీబీ అని తేలింది. మందులకు వెళ్తే షాపులో ఆయన ‘టీబీ బిళ్ళలేనా?’ అని లోపలికి వినపడేలా కేక వేశారు. పక్కన మా వీధివాళ్లు ఉన్నారు. పైగా నా పేరు, ఫోను నంబరు రాసుకున్నారు. నా వివరాలు ఆయనకెందుకు?
ఒక యువతి, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: కేక వేసినందుకు ఆ షాపు మీకు క్షమాపణ చెప్పాలి. ఇదే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి, ముందుగా నేను చెబుతున్నాను.

వివరాలు రాసుకోవడం మాత్రం న్యాయమే. 2018 మార్చి నుంచి టీబీ మందులు అమ్మే షాపులు కూడా ఆ రోగుల వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు. మధ్యలో మందు ఆపేస్తే మొండి టీబీగా మారుతుంది కాబట్టి, ఆరోగ్య సిబ్బంది మీ చికిత్స పూర్తయ్యేదాకా కనిపెట్టి ఉండటానికి. ఆ నమోదు వల్ల మీకు రావలసినవీ ఉన్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆ షాపాయన కేక వేయడానికి బదులు ఈ సంగతి చెప్పి ఉండవలసింది.

నా షాపులో ఫ్రిజ్ అవతల రెండు స్టూళ్లు వేసి ఉంచాను. అక్కడ మాట్లాడితే కౌంటరు దగ్గరివాళ్లకు వినపడదు. ఆడపిల్లలు గర్భ పరీక్ష కిట్టు అడగాలన్నా, మగవాళ్లు సిగ్గుపడే మందు అడగాలన్నా ‘ఇటు రండి’ అంటాను. స్థలం లేదనే షాపులవాళ్లకు ఒక మాట. లైసెన్సు కావాలంటేనే పది చదరపు మీటర్లు ఉండాలి. అందులో రెండు స్టూళ్లకు చోటు దొరుకుతుంది. మీరు ఈసారి మందు పేరు కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో అడగనక్కర్లేదు. మందు మాత్రం ఒక్కరోజు కూడా మానకండి.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. మా అబ్బాయి విదేశంలో ఉండి ఫోనులోనే నా మందులన్నీ ఆర్డరు పెడుతున్నాడు. ఇంటికే వస్తున్నాయి, ధర కూడా తక్కువ. ఈ నెల ఇన్సులిన్ పెట్టె ఎండలో తిరిగి వచ్చినట్టుంది, పట్టుకుంటే వెచ్చగా ఉంది. సిరంజిల టోపీ ఇదివరకు ఎర్రగా ఉండేది, ఇప్పుడు నారింజ రంగులో ఉంది. తేడా ఏమైనా ఉందా? ఇక్కడ ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.
తెనాలి

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం అందిన గంటలోనే పత్రిక వాళ్ల చేత మీకు ఫోను చేయించి ఆ సిరంజిలు వాడవద్దని చెప్పించాను. ఇప్పుడు రాస్తున్నది మిగతా పాఠకుల కోసం.

మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉన్నది ఒకటి, 100 యూనిట్లు ఉన్నది ఒకటి. ఎర్ర టోపీ సిరంజి 40 సీసాకు, నారింజ టోపీ సిరంజి 100 సీసాకు. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో అదే గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళతాయి. మొదటిది షుగర్ పెంచుతుంది, రెండోది నిద్రలోనే ప్రాణం తీయగలదు.

ఇది నా షాపులోనే జరిగింది. 2003 ప్రాంతంలో, నేను భోజనానికి వెళ్లిన వేళ మా కుర్రాడు కొరిటెపాడు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు 40 సీసాతో నారింజ సిరంజిలు ఇచ్చాడు. ఆయన 20 గీత దాకానే తీసుకుంటున్నారు, షుగర్ మాత్రం పెరుగుతూ పోయింది. డాక్టరు మోతాదు 30కి పెంచారు. నెల తిరిగాక ఆయన మరో చోట సిరంజిలు కొన్నారు. ఈసారి సరైనవే, ఎర్రవి. అదే 30 గీత దాకా తీసుకున్నారు. అప్పటిదాకా ఒంట్లోకి వెళ్తున్నది 12 యూనిట్లు, ఆ రాత్రి వెళ్లింది 30. తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి పడిపోయారు. ఆయన భార్య పంచదార నీళ్లు గుటకగుటకగా పట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికారు. సంగతి తెలిసి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చారు. ఆ కాఫీ నేను తాగలేకపోయాను. ఆ మర్నాటి నుంచి మా షాపులో ఇన్సులిన్ నా చేతి మీదుగానే వెళుతుంది. సీసా మీది అంకె, టోపీ రంగు పక్కపక్కన పెట్టి చూపించనిదే పెట్టె ఇవ్వను.

వెచ్చగా వచ్చిన సీసా గురించి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టండి, ఐసు గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడుతున్న సీసా నాలుగు వారాల దాకా బయట చల్లని చోట ఉండవచ్చు. కానీ మే నెలలో మన ఊళ్లలో 42, 43 డిగ్రీలుంటే ఏ గదీ చల్లని చోటు కాదు. ఫ్రిజ్ లేని ఇళ్లవాళ్లకు నేను చెప్పేది, పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను పొడి డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచమని. ఎండకు చెడిన ఇన్సులిన్ చూపుకు మామూలుగానే ఉండవచ్చు, అందుకే వేడిగా వచ్చినదాన్ని వాడి చూద్దామనుకోవద్దు. తిప్పి పంపి వేరేది అడగండి. మందు ఆపకుండా, ఈలోగా ఒక సీసా దగ్గరి షాపులో కొనుక్కోండి.

మీ అబ్బాయిని తప్పు పట్టను. అంత దూరంలో ఉండి తండ్రి మందుల సంగతి నెలనెలా గుర్తు పెట్టుకుంటున్నాడు. ధర తక్కువైతే అక్కడే కొనుక్కోండి. నన్ను కదిలించింది మీ ఉత్తరంలోని చివరి మాట, ఎవరిని అడగాలో తెలియలేదన్నది. తెనాలిలో మీ ఇంటికి దగ్గరలో ఫార్మసిస్టు ఉండే షాపు తప్పకుండా ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాకు రద్దీ తక్కువ. ఆ వేళలో వెళ్లి, ‘నా మందులు ఒకసారి చూసిపెట్టమ్మా’ అనండి. అక్కడ కొనలేదని మొహమాటపడకండి. ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. వాడుతున్నవి, మానేసినవి, అబ్బాయి పంపినవి, మోకాళ్లకు రాసుకునే తైలం, ఎవరో మంచిదన్నారని తెచ్చుకున్న చూర్ణం, పాత చీటీలు, షుగర్ రాసుకునే పుస్తకం. ఇన్సులిన్ సీసా, ఆ నారింజ టోపీ సిరంజి కూడా తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూపించండి.